సెర్చ్ ఇండెక్సు నియంత్రణ

ఒక వెబ్‌సైటులోని పేజీల్లో ఏవి గూగుల్, బింగ్ లాంటి సెర్చ్ ఇంజన్లలో దొరకాలి, ఏవి దొరకకూడదు, దొరికేవి ఏ చిరునామాతో కనిపించాలి అన్నది సైటు నడిపేవారు నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని సెర్చ్ ఇంజన్లకు తెలియజేసే పద్ధతులన్నిటినీ కలిపి ఇండెక్సింగ్ నియంత్రణ అంటారు. రోబోట్స్ ఫైలు, నోఇండెక్స్ ట్యాగు, కెనానికల్ లింకు, సైట్‌మ్యాప్, దారి మళ్లింపులు, తొలగింపు అభ్యర్థనలు ఇందులో ముఖ్యమైన సాధనాలు. వీటిలో చాలావాటికి చట్టబలం లేదు, సాంకేతికంగా బలవంతపెట్టే శక్తీ లేదు. సైటు ఒక మాట చెబుతుంది, మర్యాద గల సెర్చ్ ఇంజను దాన్ని పాటిస్తుంది. మూడు దశాబ్దాలుగా వెబ్ ఈ ఒప్పందం మీదే నడుస్తోంది. దాని బలమేమిటో, ఎక్కడ చెల్లదో తెలియకపోవడం వల్లే సైట్లు నడిపేవారికి ఎక్కువ నష్టాలు జరుగుతున్నాయి.

సెర్చ్ ఇంజను పని మూడు అంచెలుగా సాగుతుంది. క్రాలర్ అనే ప్రోగ్రాము లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి వెళ్తూ వాటిని చదువుతుంది. చదివినదాన్ని విడగొట్టి, ఏ మాట ఏ పేజీలో ఉందో చూపే మహా సూచికలో చేర్చుకుంటుంది. దాన్నే ఇండెక్సు అంటారు. ఎవరైనా వెతికినప్పుడు ఆ ఇండెక్సులోంచి ఫలితాలు తీసి చూపిస్తుంది. చదవడాన్ని ఆపే సాధనం వేరు, చేర్చుకోవడాన్ని ఆపే సాధనం వేరు, చూపించే తీరును మార్చే సాధనం వేరు. ఒకదాని పని మరొకటి చేస్తుందనుకోవడం ఈ రంగంలో అన్నిటికన్నా పాత పొరపాటు.

నేపథ్యం

వెబ్‌ను తిరిగి చూసే తొలి ప్రోగ్రాములు 1993లో వచ్చాయి. ఎంఐటీలో మాథ్యూ గ్రే రాసిన వరల్డ్ వైడ్ వెబ్ వాండరర్ ఆ ఏడాది జూన్‌లో మొదలైంది. వెబ్ ఎంత పెరిగిందో కొలవడం దాని పని. స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ ఫ్లెచర్ తయారుచేసిన జంప్‌స్టేషన్ అదే డిసెంబరులో వచ్చింది. అప్పటి సర్వర్లు చిన్నవి, నెట్ లైన్లు సన్ననివి. ఒక రోబో వచ్చి గుక్క తిప్పుకోకుండా వందల పేజీలు అడిగితే సర్వరు కుప్పకూలేది. బ్రిటన్‌లోని నెక్సర్ సంస్థలో పనిచేస్తున్న డచ్ ఇంజనీరు మార్టైన్ కోస్టర్ 1994లో దీనికొక సులువైన ఉపాయం ప్రతిపాదించాడు. ప్రతి సైటూ తన మూల చిరునామా దగ్గర ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాలి. ఏ రోబో ఎటు వెళ్లకూడదో అందులో రాయాలి. రోబో లోపలికి వచ్చేముందు దాన్ని చదువుకోవాలి. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీగా పేరుపడ్డ ఆ ఫైలును అప్పటి రోబోల రచయితలు చాలామంది ఒప్పుకున్నారు.

కోస్టర్ చేసింది అదొక్కటే కాదు. అంతకు కొన్ని నెలల ముందే ఆయన అలీవెబ్ అనే సెర్చ్ సేవను ప్రకటించాడు. అందులో రోబోలు ఊరంతా తిరగవు. సైటు వాళ్లే తమ పేజీల వివరాలు ఒక ఫైలులో రాసి పెడితే, అలీవెబ్ వాటిని తెచ్చుకుని ఇండెక్సు కట్టేది. ఆ సేవ నిలబడలేదు. ఇటు రావద్దని చెప్పే ఫైలును ఆలోచించిన మనిషే ఇవిగో తీసుకెళ్లండని చెప్పే ఫైలునూ ఆలోచించాడన్నది ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి. పదకొండేళ్ల తర్వాత వచ్చిన సైట్‌మ్యాప్‌లో ఆ రెండో ఆలోచనకు దగ్గరి పోలిక ఉంది.

1996లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నిర్వహించిన ఒక సమావేశంలో రోబోట్స్ మెటా ట్యాగు రూపుదిద్దుకుంది. సర్వరు మూలంలో ఫైలు పెట్టే అధికారం లేనివారు కూడా తమ పేజీలోనే ‘ఇండెక్సు చేయవద్దు’, ‘ఇక్కడి లింకులు పట్టుకుని వెళ్లవద్దు’ అని రాసుకునే వీలు దాంతో వచ్చింది. కోస్టర్ ప్రతిపాదన మాత్రం పాతికేళ్లకు పైగా అధికారిక ప్రమాణం కాకుండానే నడిచింది. 2019 జులైలో గూగుల్ దాన్ని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ముందు పెట్టింది. 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో వెలువడిన పత్రం మీద కోస్టర్‌తో పాటు గూగుల్‌కు చెందిన గ్యారీ ఇల్యెష్, హెన్నర్ జెల్లర్, లిజీ సాస్మన్‌ల పేర్లున్నాయి.

రోబోట్స్ ఫైలు

ఈ ఫైలులో ముఖ్యమైన పదాలు మూడే. యూజర్-ఏజెంట్ అన్న మాట ఏ రోబోను ఉద్దేశించి రాస్తున్నామో చెబుతుంది. డిస్‌అలౌ వద్దంటుంది, అలౌ సరేనంటుంది. నక్షత్రం గుర్తు పెడితే ఏదైనా కావచ్చని, డాలరు గుర్తు పెడితే చిరునామా అక్కడితో ముగియాలని అర్థం. చూడటానికి పసిపిల్లలు రాసినంత సులువుగా ఉంటుంది గాని, దీన్ని చదివే నియమాలు తెలియక పెద్ద సంస్థల నిపుణులే తడబడతారు.

ఒక చిరునామాకు రెండు నియమాలు వర్తిస్తే, ఏది పైన రాశామన్నది లెక్కలోకి రాదు. ఏది ఎక్కువ పొడవుగా, ఎక్కువ కచ్చితంగా సరిపోతుందో అదే గెలుస్తుంది. రెండూ సమానమైతే అలౌదే పైచేయి. ఒక రోబో పేరుతో ప్రత్యేక భాగం రాసి ఉంటే, ఆ రోబో అందరికీ రాసిన నక్షత్రం భాగాన్ని పట్టించుకోదు. గూగుల్‌బాట్ కోసం ఒక్క వాక్యం విడిగా రాసి, మిగతా నిషేధాలు కూడా దానికి వర్తిస్తాయనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. దారుల పేర్లలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరు. ఫైలు ఏ హోస్టు మీద ఉంటే ఆ హోస్టుకే చెల్లుతుంది. ప్రధాన సైటులో పెట్టిన ఫైలు సబ్‌డొమైన్‌కు పనికిరాదు, ఒక ఫోల్డరు లోపల పెట్టిన ఫైలును ఎవరూ చూడరు.

క్రాలర్లు కనీసం 500 కిబిబైట్ల వరకు ఫైలును చదవగలగాలని ప్రమాణం చెబుతోంది. గూగుల్ ఆ హద్దు దాటిన భాగాన్ని వదిలేస్తుంది. మామూలుగా 24 గంటలకు మించి పాత ప్రతిని వాడకూడదు కాబట్టి, ఉదయం చేసిన మార్పు మరునాటికి గాని అందరికీ తెలియకపోవచ్చు. ఫైలు అసలు లేదని 404 సమాధానం వస్తే అంతా తిరగవచ్చని అర్థం చేసుకుంటారు. సర్వరే చెడిపోయి 500 వరుసలోని తప్పు చూపిస్తే మాత్రం మొత్తం సైటు మూసి ఉన్నట్టే లెక్క. ఆ ఒక్క చిన్న ఫైలును ఇవ్వలేక సర్వరు మొరాయిస్తే, మిగతా పేజీలన్నీ బాగున్నా క్రాలింగ్ ఆగిపోవచ్చు.

ఎన్ని సెకన్లకొకసారి రావాలో చెప్పే క్రాల్-డిలే అనే మాటను బింగ్ గౌరవిస్తుంది, గూగుల్ పట్టించుకోదు. ప్రమాణంలో దానికి చోటు దొరకలేదు.

చదవడం వేరు, చేర్చుకోవడం వేరు

రోబోట్స్ ఫైలులో ఒక పేజీని నిషేధిస్తే అది గూగుల్‌లో కనిపించదని చాలామంది నమ్మకం. ఇది తప్పు. నిషేధం చదవడానికే. బయటి సైట్లు ఆ పేజీకి లింకులిస్తే, సెర్చ్ ఇంజనుకు ఆ చిరునామా ఉందని తెలుస్తుంది. లింకు మీద రాసిన మాటలను బట్టి అది దేని గురించో కూడా కొంత తెలుస్తుంది. లోపలికి వెళ్లకుండానే ఆ చిరునామాను ఫలితాల్లో చూపించగలదు. వివరణ దొరకలేదన్న ఒక వాక్యంతో కనిపించే ఫలితాలు ఇలాంటివే. సైటు నడిపేవారి కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో వీటికి ఒక ప్రత్యేక హెచ్చరికే ఉంది: రోబోట్స్ ఫైలు అడ్డుకున్నా ఇండెక్సు అయింది అని.

ఇండెక్సులో చేరకుండా ఆపేది నోఇండెక్స్. దాన్ని పేజీ తల భాగంలో మెటా ట్యాగుగా రాయవచ్చు. పీడీఎఫ్‌లు, బొమ్మలు, వీడియోలలో అలా ట్యాగు రాసే చోటు ఉండదు కాబట్టి, వాటి కోసం 2007లో గూగుల్ ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ అనే పద్ధతి తెచ్చింది. సర్వరు ఫైలుతో పాటు పంపే హెడర్‌లోనే ఆ మాట ఉంటుంది. కార్యాలయాల సర్క్యులర్లు, లబ్ధిదారుల జాబితాలు, దరఖాస్తుల పీడీఎఫ్‌లు గుట్టలుగా ఉండే సైట్లకు ఇది చాలా అవసరమైనది. మెటా ట్యాగు గురించి విన్నవారిలో దీని గురించి విన్నవారు తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు. నోఇండెక్స్ పనిచేయాలంటే క్రాలర్ ఆ పేజీని తెరిచి చదవాలి. రోబోట్స్ ఫైలులో నిషేధించి, పేజీలో నోఇండెక్స్ కూడా పెడితే రెండు తాళాలు వేసినట్టు అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. వీధి గేటు మూసేసి, ‘మా ఇంటి పేరు రాసుకోవద్దు’ అన్న చీటీ లోపలి తలుపుకు అంటిస్తే జనాభా లెక్కలవాళ్లు దాన్ని చదివేదెలా? పాత పేజీలను ఇండెక్సు నుంచి తీసేయాలనుకునేవారు ముందు నోఇండెక్స్ పెట్టి, రోబోట్స్ నిషేధం ఎత్తేసి, క్రాలర్ వచ్చి చూసి పేజీని తొలగించేదాకా ఆగాలి. కొన్నిసార్లు దానికి వారాలు పడుతుంది.

కొన్నేళ్లపాటు రోబోట్స్ ఫైలులోనే నోఇండెక్స్ అని రాస్తే గూగుల్ అనధికారికంగా పాటించేది. 2019 సెప్టెంబరు 1 నుంచి దాన్ని ఆపేసింది. అది తెలియక పాత ఫైలు అలాగే ఉంచుకున్న సైట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజన్లను నిరుత్సాహపరచాలని టిక్కు పెట్టే గడి ఒకటి ఉంది. 2019 నవంబరులో వచ్చిన 5.3 వెర్షన్ దాకా ఆ టిక్కు రోబోట్స్ ఫైలు ద్వారా నిషేధించేది. ఆ వెర్షన్ నుంచి నోఇండెక్స్ ట్యాగుకు మారింది. కోట్ల సైట్లు వాడే సాఫ్ట్‌వేరే ఈ తేడాను గుర్తించి దారి మార్చుకుందంటే, అది ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఆ గడి వల్ల తలకిందులైన కథలు కూడా ఉన్నాయి. కొత్త సైటు తయారవుతుండగా ఎవరూ చూడకూడదని టిక్కు పెడతారు. ప్రారంభోత్సవం రోజున దాన్ని తీయడం మరిచిపోతారు. నెలలు గడిచినా గూగుల్‌లో సైటు పేరే రాదు. మంచి సామగ్రి ఉన్నా సైటు కనిపించడం లేదంటే మొదట చూడాల్సింది ఇదే. జావాస్క్రిప్ట్‌తో నడిచే సైట్లలో ఇంకో మెలిక ఉంది. మొదట వచ్చే హెచ్‌టీఎంఎల్‌లో నోఇండెక్స్ ఉండి, తర్వాత స్క్రిప్టు దాన్ని తీసేసేలా రాస్తే, గూగుల్ ఆ స్క్రిప్టు నడిచేదాకా ఆగకుండానే పేజీని వదిలేయవచ్చు.

ఫలితంలో కనిపించే తీరును మార్చే ఆదేశాలు మరికొన్ని ఉన్నాయి. నోస్నిప్పెట్ పేజీలోంచి తీసిన వాక్యాలు చూపవద్దంటుంది. మాక్స్-స్నిప్పెట్ ఎన్ని అక్షరాల దాకా చూపవచ్చో చెబుతుంది. అన్‌అవెయిలబుల్-ఆఫ్టర్ ఫలానా తేదీ తర్వాత తీసేయమంటుంది. నోటిఫికేషన్లు, దరఖాస్తు గడువులు ప్రకటించే పేజీలకు ఇది బాగా పనికొస్తుంది.

రహస్యానికి ఇది కాపలా కాదు

ఈ నియమాలు ప్రవేశాన్ని నియంత్రించే అధికార ఏర్పాటు కావని ఆర్‌ఎఫ్‌సీ 9309 స్పష్టంగా చెబుతుంది. రోబోట్స్ ఫైలు స్వయంగా బహిరంగ పత్రం. ఎవరైనా బ్రౌజరులో తెరిచి చదవవచ్చు. దాచాలనుకున్న ఫోల్డరు పేరు అందులో రాయడమంటే, దుర్బుద్ధితో వచ్చేవాడికి దారి చూపించడమే. నోఇండెక్స్ పెట్టిన పేజీ చిరునామా తెలిసిన ప్రతి ఒక్కరికీ తెరుచుకుంటుంది. జనం కంట పడకూడని సమాచారానికి పాస్‌వర్డు, లాగిన్, అనుమతుల వ్యవస్థ ఒక్కటే మార్గం.

ఆంధ్రప్రదేశ్‌కు దీనిలో నేరుగా సంబంధమున్న ఉదాహరణ ఉంది. 2017 మే 1న బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఆధార్ సంఖ్యలు, మరికొన్ని వ్యక్తిగత వివరాలు బహిరంగంగా ఉన్నాయని, అలాంటి ఆధార్ సంఖ్యలు 13 నుంచి 13.5 కోట్ల దాకా ఉండవచ్చని అందులో అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపుల నివేదికలది, రెండోది చంద్రన్న బీమాది. సెర్చ్ ఇంజన్లకు ‘రావద్దు’ అని చెప్పి సరిదిద్దగలిగిన లోపం కాదిది. ప్రజల సొంత వివరాలు లాగిన్ లేకుండా తెరుచుకునే పేజీలో ఉండటమే లోపం. కూలి డబ్బు కోసం పేరు నమోదు చేసుకున్న మనిషికి ఆ వివరాలు ఎక్కడెక్కడ తేలుతున్నాయో తెలుసుకునే దారి కూడా ఉండదు. అందుకే ప్రభుత్వ సైట్ల నిర్వాహకుల మీద ఈ బాధ్యత మామూలు సైట్లవారి కన్నా ఎక్కువ.

నకలు చిరునామాలు

ఒకే పేజీకి పది చిరునామాలుండటం వెబ్‌లో మామూలు విషయం. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి; ప్రింటు కోసం ఒకటి; ప్రకటన లింకు వెంట తోక తగిలించి ఒకటి. అమ్మకాల సైట్లలో రంగు, సైజు, ధరల వారీగా చీరలు వడపోస్తే, ఆ వడపోతల కలయికలతో లక్షల చిరునామాలు పుడతాయి. క్రాలర్ సమయమంతా వాటిలోనే ఖర్చయి, నిజంగా కొత్తగా పెట్టిన సరుకు పేజీ దాకా రాకపోవచ్చు.

2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి కెనానికల్ లింకును ప్రకటించాయి. ‘ఈ పేజీకి అసలు చిరునామా ఫలానా’ అని పేజీలోనే రాసుకునే పద్ధతి అది. 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6596గా నమోదైంది. నోఇండెక్స్ ఆదేశమైతే, కెనానికల్ సూచన మాత్రమే. దారి మళ్లింపులు, సైట్‌మ్యాప్‌లో రాసినది, సైటు లోపలి లింకులు వేరే చిరునామా వైపు చూపిస్తుంటే, సెర్చ్ ఇంజను తన బుద్ధికి తోచినదాన్ని ఎంచుకుంటుంది. అన్ని సంకేతాలూ ఒకే మాట చెప్పేలా చూసుకోవడం తప్ప దీనికి మందు లేదు. చిరునామా శాశ్వతంగా మారినప్పుడు 301 మళ్లింపు పెట్టాలి. సైటు రూపం మార్చిన రోజున పాత చిరునామాలన్నిటినీ మొదటి పేజీకి మళ్లించేయడం మన దగ్గర ఎక్కువగా కనిపించే దురలవాటు. అలాంటివాటిని గూగుల్ లేని పేజీలుగానే పరిగణించవచ్చు. పాత వ్యాసానికి ఇరవై ఏళ్లుగా వచ్చిన లింకుల విలువ అంతటితో పోయినట్టే.

చేర్చించుకోవడం

2005 జూన్‌లో గూగుల్ సైట్‌మ్యాప్ పద్ధతిని మొదలుపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ చేరడంతో అది ఉమ్మడి పద్ధతి అయింది. ఒక ఫైలులో 50,000 చిరునామాలు, విప్పిన కొలతలో 50 మెగాబైట్లు హద్దు. అంతకు మించితే ఫైళ్లను విడగొట్టి వాటికొక పట్టిక కట్టాలి. ప్రతి చిరునామా పక్కన ఎంత ముఖ్యమైనదో, ఎంత తరచుగా మారుతుందో రాసే వీలుంది గాని, గూగుల్ ఆ రెండింటినీ చూడదు. చివరిగా మారిన తేదీ నిజాయితీగా ఉంటేనే వాడుకుంటుంది. 2021 అక్టోబరులో బింగ్, రష్యాకు చెందిన యాండెక్స్ కలిసి ఇండెక్స్‌నౌ తెచ్చాయి. పేజీ మారిన క్షణంలోనే సైటు కబురు పంపుతుంది. గూగుల్ అందులో చేరలేదు.

సైట్‌మ్యాప్ ఇచ్చినంత మాత్రాన ఇండెక్సులో చోటు ఖాయం కాదు. సెర్చ్ కన్సోల్‌లో ‘చూశాం గాని ఇండెక్సు చేయలేదు’ అన్న వరుసలో వేల పేజీలు మిగిలిపోయిన సైట్లున్నాయి. పేజీలో సొంత విషయం తక్కువగా ఉన్నా, మరోచోట ఉన్నదే తిరిగి ఉన్నా, సైటులో మిగతా పేజీల నుంచి దానికి లింకే లేకపోయినా ఇలా జరుగుతుంది. ఏ ట్యాగూ దీన్ని సరిచేయదు.

తొలగింపు, న్యాయస్థానాలు

తీసేసిన పేజీకి 404 లేదా 410 సమాధానం ఇవ్వడం సరైన పద్ధతి. ‘క్షమించండి, పేజీ లేదు’ అని తెరమీద రాసి, సర్వరు నుంచి మాత్రం అంతా బాగుందని 200 సంకేతం పంపితే సెర్చ్ ఇంజన్లు గందరగోళపడతాయి. తొందరగా దాచాలంటే సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు సాధనం ఉంది. అది సుమారు ఆరు నెలలే పనిచేస్తుంది. ఆలోగా పేజీని నిజంగా తీసేయడమో, నోఇండెక్స్ పెట్టడమో చేయకపోతే మళ్లీ పైకి తేలుతుంది.

పేజీ మన చేతిలో లేనప్పుడు సంగతి న్యాయస్థానాలకు వెళ్తుంది. 1998లో ఒక స్పెయిన్ పత్రికలో అచ్చయిన ఆస్తి వేలం ప్రకటన, ఏళ్ల తర్వాత కూడా తన పేరు వెతికితే కనిపిస్తోందని ఒక పౌరుడు ఫిర్యాదు చేశాడు. 2014 మే 13న యూరోపియన్ న్యాయస్థానం, పత్రికలో ఆ ప్రకటన చట్టబద్ధంగానే ఉన్నా, పేరుతో వెతికినప్పుడు వచ్చే ఫలితాల నుంచి దాన్ని తీసేయమని సెర్చ్ ఇంజనును కోరే హక్కు పౌరుడికి ఉండవచ్చని తీర్పు చెప్పింది. మూలంలో ఉండటం, ఇండెక్సులో ఉండటం రెండు వేరు విషయాలని చట్టం గుర్తించిన ఘట్టమిది.

సైటు మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టా? దీనిపై రెండు ఖండాల కోర్టులు చెరో దారి పట్టాయి. అమెరికాలో బ్లేక్ ఫీల్డ్ అనే న్యాయవాది, రచయిత, తన 51 రచనల ప్రతులను గూగుల్ దాచి చూపిస్తోందని దావా వేశాడు. అలా దాచవద్దని చెప్పే నోఆర్కైవ్ ట్యాగు గురించి తెలిసీ ఆయన వాడలేదు కాబట్టి, పరోక్షంగా అనుమతి ఇచ్చినట్టేనని 2006 జనవరిలో నెవాడా ఫెడరల్ కోర్టు తేల్చింది. బెల్జియం పత్రికల సంఘం కోపీప్రెస్ వేసిన దావాలో బ్రస్సెల్స్ కోర్టులు దానికి వ్యతిరేకంగా నిలిచాయి. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అన్న గూగుల్ వాదన అక్కడ చెల్లలేదు. 2011 మేలో అప్పీలు కోర్టు కూడా పత్రికల పక్షమే తీసుకుంది. ఆ జులైలో గూగుల్ వాటిని సెర్చ్ ఫలితాల నుంచి కూడా తీసేయగా, కొద్ది రోజుల్లోనే మళ్లీ చేర్చాల్సి వచ్చింది. తమ రాతను ఉచితంగా వాడుకోవద్దని కోరుకున్న పత్రికలకు, పాఠకులకు దొరక్కుండా పోవడం కూడా సమ్మతం కాదు. పత్రికల కోరిక న్యాయమైనదే; ఆ రెండిటినీ వేరుచేసి చెప్పే సాధనం అప్పట్లో వారి చేతిలో సరిగా లేదు.

ఇండెక్సు దాటిన వాడకాలు

సెర్చ్ కోసం రాసుకున్న ఫైలును మిగతావారూ చదవడం మొదలుపెట్టాక కొత్త ప్రశ్నలు వచ్చాయి. పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్, సెర్చ్ ఇంజన్ల కోసం రాసిన నిషేధాలు చరిత్రను దాచే పనికి సరిపోవడం లేదని 2017లో ప్రకటించింది. అమెరికా ప్రభుత్వ, సైనిక సైట్ల విషయంలో అప్పటికే వాటిని పాటించడం ఆపేసింది. డొమైను చేతులు మారి, కొత్త యజమాని ఒక నిషేధం పెడితే, పాత యజమాని కాలపు పేజీలు కూడా కనుమరుగయ్యేవి. ఆర్కైవ్ వాదనలో బలముంది.

కృత్రిమ మేధ శిక్షణ దీనికన్నా పెద్ద చిక్కు. 2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తన జీపీటీబాట్ పేరు బయటపెట్టి, రోబోట్స్ ఫైలులో దాన్ని నిషేధించవచ్చని చెప్పింది. ఆ సెప్టెంబరులో గూగుల్ గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరు ప్రకటించింది. అది వేరే రోబో కాదు, రోబోట్స్ ఫైలులో రాసే ఒక గుర్తు మాత్రమే. దాన్ని నిషేధిస్తే గూగుల్ మేధా నమూనాల శిక్షణకు ఆ సైటు సామగ్రిని వాడరు, సెర్చ్‌లో స్థానం మారదు. అయితే సెర్చ్ ఫలితాల పైన కనిపించే ఏఐ సారాంశాలకు ఈ గుర్తు వర్తించదు. వాటిలో తమ వాక్యాలు రాకూడదనుకుంటే నోస్నిప్పెట్ లాంటివి వాడాలి. అప్పుడు మామూలు ఫలితం కింద వచ్చే వివరణ కూడా పోతుంది. రాసేవారికి ఇది న్యాయమైన ఎంపిక కాదు. ఇండెక్సుకు సరే, శిక్షణకు వద్దు, సారాంశానికి వద్దు అని విడివిడిగా చెప్పే భాష కోసం ఐఈటీఎఫ్‌లో 2025లో ఒక కార్యవర్గం పని మొదలుపెట్టింది.

తెలుగు సైట్ల ప్రత్యేక సమస్యలు

తెలుగు చిరునామాలకు ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ప్రతి బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు గుర్తులుగా మారుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులూ గుణింతాలూ కలిపి ఆరు సంకేతాలు. చిరునామాలో అది 54 గుర్తులవుతుంది. రోబోట్స్ ఫైలులో తెలుగు దారిని నిషేధించాలంటే ఈ రూపాన్ని దృష్టిలో పెట్టుకుని సరిచూసుకోవాలి. ఇంకొకటి కంటికి కనిపించదు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే అదృశ్య గుర్తు ఉంటుంది. అది ఉన్న చిరునామా, లేని చిరునామా కంప్యూటరుకు వేరువేరు. ఒకే వ్యాసానికి రెండు చిరునామాలు పుడితే, ఒకదాన్ని అసలుదిగా ప్రకటించి రెండోదాన్ని దాని వైపు మళ్లించాలి. తెలుగు, ఇంగ్లిష్ పేజీలు జంటగా ఉన్న సైట్లు హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తుతో రెండింటినీ ఒకదానికొకటి చూపించాలి. 2011 డిసెంబరు నుంచి గూగుల్ దీన్ని వాడుతోంది.

వీటన్నిటికన్నా పెద్దది పాత సామగ్రి సమస్య. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా, మన దినపత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం అర్థంలేని రోమన్ గుర్తుల వరుస ఉండేది. క్రాలర్లు ఆ పేజీలను చదివాయి, ఇండెక్సులోనూ చేర్చుకున్నాయి. కానీ వాటిలో ఒక్క తెలుగు మాట కూడా లేదు. వాటిని చదువుకోవడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఉపకరణం వాడి యూనికోడ్‌లోకి మార్చుకున్న పాఠకులు ఇంకా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కానయిన వేల తెలుగు పుస్తకాలు బొమ్మలుగానే ఉన్నాయి. పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తలా ఒక రకంగా రాయడంతో, పేరు తెలిసినా పుస్తకం దొరకడం కష్టం. వాటికి ఎవరూ నోఇండెక్స్ పెట్టలేదు. చదవగలిగే అక్షరం లేకపోవడంతో అవి వెతికేవారికి అందకుండా ఉన్నాయి.

దీన్ని సరిచేయవచ్చని చేసి చూపినవారున్నారు. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక తన పాత సంచికలను తర్వాత యూనికోడ్‌లోకి మార్చుకుంది. ఇప్పుడు వాటిలోని కథలు, వ్యాసాలు తెలుగు మాటతో వెతికితే దొరుకుతాయి. సొంత ఫాంట్ల కాలపు ఫైళ్లు ఇంకా దగ్గరున్న పత్రికలు, ప్రచురణ సంస్థలు వాటిని పారేయకుండా యూనికోడ్‌లోకి మార్చాలి. స్కాన్లు ఉన్న గ్రంథాలయాలు కనీసం పుస్తకం పేరు, రచయిత పేరు, విషయసూచిక తెలుగు లిపిలో టైపు చేయించి ఒక్కో పుస్తకానికి ఒక్కో స్థిరమైన పేజీ పెట్టాలి. ఆ పేజీలన్నిటితో ఒక సైట్‌మ్యాప్ కట్టి సెర్చ్ ఇంజన్లకు అందించాలి.